కీమాన్ నుంచి రైల్వే బోర్డు దాకా: పెద్ద సంస్థల్లో అంచెల వ్యవస్థపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న రైల్వేలో కీమాన్‌గా, అంటే రోజూ పట్టాల వెంట నడిచి తనిఖీ చేసే ఉద్యోగిగా చేసి రిటైరయ్యారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు ఇంట్లో పీడబ్ల్యూఐ (పట్టాల ఇన్‌స్పెక్టర్) గారు, ఏఈఎన్ (ఆ పై ఇంజినీర్) గారు అన్న మాటలు వింటూ పెరిగాను. ఇప్పుడు టీమ్ లీడ్, మేనేజర్, డైరెక్టర్ అన్న మాటల మధ్య బతుకుతున్నాను. పేర్లు వేరైనా ఏర్పాటు ఒకటే. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మా బంధువుల పిల్లలు, నాతో పనిచేసేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్నలివి. జవాబులకు ఉదాహరణగా భారతీయ రైల్వేనే తీసుకున్నాను. దాదాపు 12 లక్షల మంది పనిచేసే ఆ సంస్థలో అంచెల వ్యవస్థ బలం, బలహీనత రెండూ స్పష్టంగా కనిపిస్తాయి.

అంచెల వ్యవస్థ అంటే ఏమిటి?

ప్రతి ఉద్యోగికీ ఒక పై అధికారి, ఆయనకు మరో పై అధికారి, అలా పోయి పోయి చివరికి ఒకరి దగ్గర ఆగే ఏర్పాటు. ఆదేశాలు పైనుంచి కిందికి వస్తాయి. జరుగుతున్న సంగతులు కిందినుంచి పైకి వెళ్తాయి. మొదటి సగం అందరికీ తెలుసు. రెండో సగాన్ని చాలా సంస్థలు మరచిపోతాయి. నా దృష్టిలో అసలు ప్రాణం ఆ రెండో సగంలోనే ఉంది.

రైల్వేలో కిందినుంచి పైదాకా ఎవరెవరు ఉంటారు?

పట్టాల దగ్గరినుంచే మొదలుపెడదాం. గ్యాంగ్‌మన్ అని మనం పిలిచేవాళ్ళని ఇప్పుడు కాగితాల మీద ట్రాక్ మెయింటైనర్లు అంటున్నారు. వాళ్ళలో ఒకరు కీమాన్. తన బీట్ మొత్తాన్ని, అంటే తనకు అప్పగించిన పట్టాల పొడవునంతా, రోజూ నడిచి చూసుకుంటాడు. సుత్తి, స్పానర్, ఎర్ర జెండాలు, పచ్చ జెండా, డిటోనేటర్లు (పట్టా మీద పెడితే రైలు ఎక్కగానే పేలి డ్రైవర్‌ను హెచ్చరించేవి) ఆయన వెంటే ఉంటాయి. పట్టాను పట్టి ఉంచే కీ వదులైతే కొట్టి బిగిస్తాడు, పట్టా విరిగితే రైలు ఆపుతాడు. గ్యాంగ్‌కు పెద్ద మేట్. మన వాళ్ళు మేస్త్రి అంటారు.

మేస్త్రి పైన జూనియర్ ఇంజినీర్, ఆయన పైన సీనియర్ సెక్షన్ ఇంజినీర్. పాత ఉద్యోగుల నోట్లో వీళ్ళు ఇప్పటికీ పీడబ్ల్యూఐలే. ఆ పైన అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్, ఆ పైన సీనియర్ డివిజనల్ ఇంజినీర్. ఇలా ఇంజినీరింగ్, ఆపరేటింగ్, కమర్షియల్, సిగ్నల్, ఎలక్ట్రికల్, మెకానికల్, పర్సనల్, అకౌంట్స్ అన్ని శాఖల అధికారులూ కలిసే చోటు డివిజన్. డివిజన్‌కు పెద్ద డివిజనల్ రైల్వే మేనేజర్, అంటే డీఆర్ఎం. కొన్ని డివిజన్లు కలిస్తే జోన్. జోన్‌కు జనరల్ మేనేజర్ ఉంటారు. ఆయన కింద ఒక్కో శాఖకు ఒక ప్రిన్సిపల్ చీఫ్ ఉంటారు. జోన్లన్నిటి పైనా ఢిల్లీ రైల్ భవన్‌లో రైల్వే బోర్డు. బోర్డు పైన మంత్రి, మంత్రి పైన పార్లమెంటు.

మన వైపు చూస్తే, దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడింది. దాని పెద్దాఫీసే రైల్ నిలయం. కీమాన్ నుంచి బోర్డు ఛైర్మన్ దాకా లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళూ దాదాపు సరిపోతాయి.

ఇన్ని మెట్లు నిజంగా అవసరమా?

కొన్ని అవసరం. కొన్ని కాదు. లెక్క వేసి చూద్దాం.

ఒక మనిషి సరిగ్గా చూసుకోగలిగేది 10 మందిని అనుకోండి. పైన ఒకరు, వారి కింద 10, వాళ్ళ కింద 100, వెయ్యి, పదివేలు, లక్ష, పది లక్షలు. అంటే పైనున్న మనిషి కింద ఆరు అంచెలు వేస్తే 10 లక్షల మంది ఇముడుతారు. అదే ఒక్కొక్కరూ 5 మందినే చూడగలరంటే ఆరో అంచెకు 15,625 మందే వస్తారు. 10 లక్షలు దాటాలంటే తొమ్మిది అంచెలు కావాలి. ఒకరి కింద ఎంతమంది ఉంటారన్నదే మెట్ల సంఖ్యను తేలుస్తుంది.

మరి ఒకరి కింద 50 మందిని పెట్టేస్తే పోదా? 1933లో గ్రైకూనాస్ అనే మేనేజ్‌మెంట్ సలహాదారు దీనికి ఒక సూత్రం కట్టారు. పై అధికారి చూసుకోవాల్సింది కింది మనుషుల్ని మాత్రమే కాదు, వాళ్ళ మధ్య ఉండే సంబంధాల్ని కూడా. ఆయన లెక్కలో కింద 5 మంది ఉంటే 100 సంబంధాలు, 6 మంది ఉంటే 222. ఒక్క మనిషి చేరితే తలనొప్పి రెట్టింపు దాటింది. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

అయితే ఈ లెక్క పనిని బట్టి మారుతుంది. అందరూ ఒకే చోట ఒకే రకం పని చేస్తుంటే ఒక మేస్త్రి చాలామందిని నడిపించగలడు. పని రకరకాలుగా ఉండి, ఒకరి పని ఇంకొకరి మీద ఆధారపడితే ఆరేడుగురే ఎక్కువ.

అక్కరలేని మెట్లు వేరే దారిలో వస్తాయి. జీతం పెంచడానికి మెట్టు కట్టడం మన ఆఫీసుల్లో పాత అలవాటు. ఇందులో రైల్వే ఒక మంచి పని చేసింది. ట్రాక్ మెయింటైనర్లలో నాలుగు గ్రేడ్లున్నాయి. గ్రేడ్ పెరిగితే జీతం పెరుగుతుంది, పని మాత్రం అదే పట్టాల మీద. జీతం మెట్లు వేరు, అధికారం మెట్లు వేరు. సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ కలిపేసి, బాగా కోడ్ రాసేవాడిని మేనేజర్ని చేస్తాం. ఒక మంచి ఇంజినీర్ పోతాడు, ఒక టెన్షన్ మేనేజర్ వస్తాడు.

ఈ పద్ధతి ఎప్పుడు మొదలైంది?

సైన్యాల్లో, రాజుల పాలనలో వేల ఏళ్ళుగా ఉంది. జీతాలిచ్చి నడిపే పెద్ద వ్యాపార సంస్థల్లో మాత్రం రైల్వేలతోనే స్థిరపడింది. దాని వెనక ఒక ప్రమాదం ఉంది.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో వెస్టర్న్ రైల్‌రోడ్ అని ఒక కంపెనీ ఉండేది. ఒకే లైను, అటునుంచీ ఇటునుంచీ రైళ్ళు. 1841 అక్టోబర్ 5న రెండు రైళ్ళు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఇద్దరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. ఎవరు ఎవరికి చెప్పాలి, ఏ ముక్కకు ఎవరు జవాబుదారీ అన్నది తేల్చకుండా రైళ్ళు నడపకూడదని కంపెనీకి అర్థమైంది. లైనును మూడు డివిజన్లుగా విడగొట్టి, ప్రతి డివిజన్‌లో రైళ్ళ నడకకు ఒకరిని, ట్రాక్‌కు ఒకరిని, ఇంజన్ల మరమ్మతుకు ఒకరిని బాధ్యుల్ని చేశారు. మన డివిజన్ ఆఫీసులో ఈరోజుకీ ఉన్న విభజన దాదాపు ఇదే.

ఆ తర్వాత 1855లో ఎరీ రైల్‌రోడ్ సూపరింటెండెంట్ డేనియల్ మెకలమ్ ఒక పటం గీయించారు. మొట్టమొదటి ఆర్గనైజేషన్ చార్ట్‌గా దాన్నే చెబుతారు. అందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఇవాళ మన కంపెనీల చార్టులో సీఈఓ పైన ఉంటాడు. మెకలమ్ చార్టు చెట్టులా ఉంటుంది. డైరెక్టర్లు వేళ్ళ దగ్గర, లైన్లూ స్టేషన్లూ కొమ్మలుగా పైకి. ఆయన వాదన కూడా సూటిగా ఉంటుంది. 50 మైళ్ళ రైల్వేను ఒక సూపరింటెండెంట్ ప్రతి మనిషినీ ఎరిగి నడిపించగలడు, 500 మైళ్ళ రైల్వేను అలా నడపలేడు. అందుకే గంటగంటకూ టెలిగ్రాఫ్‌లో రైళ్ళ సమాచారం తెప్పించుకునే పద్ధతి పెట్టారు. కిందినుంచి సమాచారం వచ్చే దారిని ఆయన మొదట్లోనే కట్టారన్నది గుర్తుంచుకోండి.

అయితే ప్రతి పనికీ పై అధికారిని అడగాలా?

అలా అడగాల్సి వస్తే ఒక్క రైలూ కదలదు.

పక్కపక్క స్టేషన్లలో ఇద్దరు స్టేషన్ మాస్టర్లు ఉంటారు. ఇక్కడినుంచి అక్కడికి రైలు పంపాలంటే ఇక్కడి మాస్టర్ అక్కడి మాస్టర్‌ను లైన్ క్లియర్, అంటే రైలు పంపడానికి అనుమతి, అడుగుతారు. ఆయన ఇస్తే రైలు బయలుదేరుతుంది. చాలా సందర్భాల్లో మాటకు రుజువుగా ప్రైవేట్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. ఇందులో డీఆర్ఎం అనుమతి లేదు, నోట్ ఫైల్ లేదు. పైవాళ్ళు చేసిన పని ఒక్కటే: ఏ పరిస్థితిలో లైన్ క్లియర్ ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వకూడదో ముందే రూల్ రాసి, దాన్ని నేర్పించి, ఆ అధికారాన్ని స్టేషన్ మాస్టర్ చేతిలో పెట్టడం.

ఫ్రాన్స్‌లో గనుల కంపెనీని నడిపిన హెన్రీ ఫయోల్ 1916లో ఇదే చెప్పారు. రెండు వేరు వేరు శాఖల్లో ఒకే స్థాయిలో ఉన్న ఇద్దరు మాట్లాడుకోవాలంటే, ఒకరు పైదాకా ఎక్కి ఇంకొకరి దాకా దిగక్కర్లేదు. మధ్యలో ఒక చిన్న వంతెన వేసుకోవచ్చు. షరతు ఒక్కటే, పై అధికారులకు ఆ సంగతి తెలిసి ఉండాలి, వాళ్ళు ఒప్పుకుని ఉండాలి.

డబ్బు విషయంలోనూ ఇదే పద్ధతి. ఎవరు ఎంతదాకా ఖర్చు మంజూరు చేయొచ్చో రైల్వేలో అధికారాల షెడ్యూల్ ఉంటుంది. ఆ హద్దు లోపలైతే అక్కడే సంతకం, దాటితే పైకి. చాలా కంపెనీల్లో హద్దులు కాగితం మీద ఉంటాయి గానీ, భయంతో అందరూ అన్నీ పైకే పంపిస్తారు. పైవాడి టేబుల్ మీద ఫైళ్ళు పేరుకుపోతాయి, కిందివాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఇది వ్యవస్థ తప్పు కాదు. సంతకం పెట్టినవాడికి అండగా నిలబడని పై అధికారుల తప్పు.

పెద్ద అధికారి చెబితే కిందివాళ్ళు తప్పకుండా వినాల్సిందేనా?

ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది ఈ విషయాన్నే. హోదా వేరు, ఆ పని మీద అధికారం వేరు.

ఇంజన్‌లో లోకో పైలట్ పక్కన పెద్ద అధికారి ఒకరు ఇన్‌స్పెక్షన్‌కు నిలబడి ఉన్నారనుకోండి. ముందు ఎర్ర సిగ్నల్ ఉంది. పోనివ్వు అని ఆ అధికారి నోటిమాటగా అంటే లోకో పైలట్ పోనివ్వకూడదు. దానికి నిబంధనల ప్రకారం రావాల్సిన కాగితమో సిగ్నలో రావాలి. అలాగే ఏ రైలును ఎక్కడ ఆపి ఏ రైలును ముందు పంపాలో చెప్పేది కంట్రోల్ ఆఫీసులోని సెక్షన్ కంట్రోలర్. డివిజన్‌లో ఆయనకంటే పెద్ద జీతాలవాళ్ళు ఎందరో ఉంటారు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆ సెక్షన్‌లో రైళ్ళ వరుస చెప్పేది ఆయనే.

ఇక కీమాన్. పట్టా విరిగిందని చూసిన క్షణంలో ఆయన ఎవరినీ అడగక్కర్లేదు. బ్రాడ్ గేజ్‌లో ప్రమాద స్థలానికి 600 మీటర్ల దూరంలో ఒక డిటోనేటర్, 1200 మీటర్ల దూరంలో పది మీటర్లకొకటి చొప్పున మూడు పెట్టి, ఎర్ర జెండా పట్టుకుని నిలబడాలి. వచ్చేది రాజధానా, మంత్రిగారి స్పెషలా అన్నది ఆయనకు అనవసరం. ప్రయాణికుల భద్రతకు చేయగలిగినదంతా చేయాలని, ప్రమాదం కనబడితే వెంటనే చర్య తీసుకోవాలని రైల్వే జనరల్ రూల్స్ ప్రతి ఉద్యోగికీ చెబుతున్నాయి. అందులో హోదా ప్రస్తావన లేదు. జీతాల మెట్లలో అట్టడుగున ఉన్న మనిషికి, దేశంలో ఏ రైలునైనా ఆపే అధికారం ఉంది. జపాన్‌లో టయోటా ఫ్యాక్టరీల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. లోపం కనబడితే లైన్‌లో పనిచేసే కార్మికుడు తాడు లాగి సూపర్‌వైజర్‌ను పిలవొచ్చు, అవసరమైతే లైనే ఆగిపోతుంది.

ఏ సంస్థ గురించైనా నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: ఇక్కడ కిందివాడు పనిని ఆపగలడా? ఆపితే ఆ సాయంత్రం అతనికి ఏమవుతుంది?

ఒక ఉద్యోగికి ఇద్దరు బాసులు ఉండొచ్చా?

ఉంటారు. డివిజన్‌లో సీనియర్ డివిజనల్ ఇంజినీర్‌కు రోజువారీ పాలనలో డీఆర్ఎం పై అధికారి. సాంకేతిక విషయాల్లో జోన్‌లోని ప్రిన్సిపల్ చీఫ్ ఇంజినీర్ మాట చెల్లుతుంది. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే డాటెడ్ లైన్ రిపోర్టింగ్ అంటాం.

ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఒక ఉదాహరణ చెప్తాను. ట్రాక్ పనికి లైను మూడు గంటలు బ్లాక్ కావాలని ఇంజినీరింగ్ వాళ్ళు అడుగుతారు. రైళ్ళు ఆలస్యమవుతాయని ఆపరేటింగ్ వాళ్ళు రెండు గంటలే ఇస్తామంటారు. ఇద్దరిదీ న్యాయమే. ఇక్కడ తేల్చే మనిషి ఒకరు కావాలి, డీఆర్ఎం అందుకే ఉన్నారు. మీ కంపెనీలో మీకు ఇద్దరు మేనేజర్లుంటే, వాళ్ళిద్దరికీ తేడా వస్తే తేల్చేది ఎవరో చేరిన మొదటి వారంలోనే అడిగి తెలుసుకోండి.

కింద చెప్పిన సంగతి పైకి చేరేసరికి ఎందుకు మారిపోతుంది?

ప్రతి మెట్టు దగ్గరా కొంచెం మెత్తబడుతుంది కాబట్టి. ఒక్కో మెట్టు సంగతిలో పదింట తొమ్మిది వంతులు నిజాయితీగా పైకి పంపిందనుకుందాం. అది చాలా మంచి సంస్థే. అయినా ఆరు మెట్లు దాటేసరికి మిగిలేది సగం కంటే కాస్త ఎక్కువ, 53 శాతం. ఇది ఊహకు వేసిన లెక్కే. ఉద్యోగం చేసిన ప్రతివారికీ మాత్రం ఇది అనుభవం.

నాకు జరిగినది చెబుతాను. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో, రిలీజ్‌కు వారం ముందు మా టెస్టింగ్ టీమ్‌లోని అమ్మాయి ఒక లోపం పట్టుకుంది. ఎక్కువమంది ఒకేసారి వాడితే చెల్లింపులు రెండుసార్లు పడుతున్నాయి. ‘ఇది సరిచేయకుండా ఇవ్వకూడదు’ అని రాసింది. ఆమె లీడ్ దాన్ని ‘సరిచేస్తే మంచిది’ అని మార్చారు. ఆ పై మేనేజర్ నేనే. ‘ఒక చిన్న రిస్క్ ఉంది, గమనిస్తున్నాం’ అని రాశాను. మా డైరెక్టర్ పైకి పంపిన స్లైడ్‌లో ఆ వరుసకు పచ్చరంగు ఉంది. ఎవరమూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరం ఒక్కో మాట తగ్గించాం, అంతే. రిలీజైన మూడో రోజు రాత్రి కస్టమర్ల ఫోన్లు మొదలయ్యాయి. ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను. అప్పటినుంచి నా కిందివాళ్ళు రాసిన మాటను, మార్చకుండా వాళ్ళ మాటల్లోనే పైకి పంపుతున్నాను. నా అభిప్రాయం ఉంటే దాని కింద విడిగా రాస్తాను.

మాది డబ్బు నష్టంతో పోయింది. 1986 జనవరి 28న అమెరికాలో ఛాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు చనిపోయారు. ముందు రోజు రాత్రే, చలి ఎక్కువగా ఉంది, రాకెట్ అతుకుల్లో ఉండే రబ్బరు ఓ-రింగులు సరిగ్గా పనిచేయవు, ప్రయోగం వద్దని ఆ రాకెట్‌ను తయారుచేసిన మోర్టన్ థియోకాల్ కంపెనీ ఇంజినీర్లు వాదించారు. వాళ్ళ మేనేజర్లు మొదట ఆ మాటే చెప్పి, తర్వాత మార్చుకున్నారు. ప్రయోగానికి చివరి నిర్ణయం తీసుకున్న నాసా పెద్దలకు ఆ వాదన సంగతి చేరనే లేదని విచారణలో తేలింది. తెలిసినవాళ్ళు కింద ఉన్నారు, నిర్ణయించేవాళ్ళు పైన ఉన్నారు, మధ్యలో దారి మూసుకుపోయింది.

మరి ఆ దారి తెరిచి ఉంచడానికి ఏం చేస్తారు?

రైల్వేలో కొన్ని ఏర్పాట్లున్నాయి. మొదటిది, పైవాళ్ళే కిందికి దిగి చూడటం. ఇంజినీరింగ్ అధికారులు ట్రాలీ మీద కూర్చుని తమ సెక్షన్ పొడుగునా పట్టాలు చూస్తారు. ఇంజన్‌లో ప్రయాణించి పట్టా కుదుపును ఒంటితో తెలుసుకుంటారు. రాత్రిపూట చెప్పకుండా గేట్లకు, స్టేషన్లకు వెళ్తారు. రిపోర్టులో లేనిది అక్కడ కనబడుతుంది. సున్నం కొట్టి, పూలకుండీలు పెట్టి స్వాగతం పలికే ఇన్‌స్పెక్షన్‌కు ఈ విలువ ఉండదు.

రెండోది నిచ్చెనకు బయట నిలబడి చూసే కన్ను. కొత్త లైను మీద ప్రయాణికుల రైలు నడపాలంటే రైల్వే భద్రతా కమిషనర్ తనిఖీ చేసి ఒప్పుకోవాలి. పెద్ద ప్రమాదాలపై విచారణ చేసేది కూడా ఆ కమిషనర్లే. వాళ్ళు రైల్వే మంత్రిత్వ శాఖ కింద లేరు, పౌర విమానయాన శాఖ కింద ఉన్నారు. 1941లోనే తనిఖీ విభాగాన్ని రైల్వే బోర్డునుంచి వేరు చేశారు. తనిఖీ చేసేవాడి ప్రమోషన్ తనిఖీ చేయించుకునేవాడి చేతిలో ఉండకూడదన్నది దీని వెనకున్న ఆలోచన. మన రాష్ట్రాల్లో ఎన్నో పెద్ద సంస్థల్లో ఆడిట్, క్వాలిటీ విభాగాలు ఇప్పటికీ ప్రొడక్షన్ పెద్ద కిందే ఉంటున్నాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మూడోది యూనియన్లు. గుర్తింపు పొందిన యూనియన్లు డివిజన్‌లో, జోన్‌లో, బోర్డులో అధికారులతో కూర్చుని మాట్లాడే శాశ్వత చర్చల యంత్రాంగం ఉంది. రైల్వేవాళ్ళు పీఎన్ఎం అంటారు. మేస్త్రికి చెప్పి చెప్పి విసిగిపోయిన క్వార్టర్ లీకేజీ, పీఎన్ఎంలో ఐటమ్‌గా పడితే డీఆర్ఎం టేబుల్ మీదికి వస్తుంది.

తప్పు జరిగితే ఎప్పుడూ కిందివాడి మీదే ఎందుకు పడుతుంది?

ఆఖరున చెయ్యి పెట్టినవాడు కనబడతాడు కాబట్టి. ఆ చెయ్యి అక్కడిదాకా ఎందుకు వెళ్ళిందో తెలుసుకోవడానికి ఓపిక కావాలి.

రైల్వేలో శిక్షలకు 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలున్నాయి. చిన్న శిక్షకు ఎస్ఎఫ్-11, పెద్ద శిక్షకు ఎస్ఎఫ్-5 చార్జ్‌షీట్ ఇస్తారు. జవాబిచ్చే అవకాశం ఉంటుంది, పెద్ద శిక్షకు ఎంక్వయిరీ ఉంటుంది, ఆ తర్వాత పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. కాగితం మీద మంచి ఏర్పాటే. దీనికి ప్రాణం పోసేది అడిగే ప్రశ్న. ‘ఎవరు చేశారు?’ అన్న దగ్గర ఆగిపోతే ఒక సస్పెన్షన్‌తో ఫైలు మూతపడుతుంది. ‘ఆ రోజు ఆయన ఎన్ని గంటలు డ్యూటీలో ఉన్నాడు? ఆ సిగ్నల్ గురించి ముందు ఎవరైనా రాశారా? రాస్తే ఆ కాగితం ఎక్కడ ఆగింది?’ అని అడిగితే ఇంకో నాలుగు మెట్లు బయటికొస్తాయి. అధికారం పైకి పోయేకొద్దీ పెరుగుతున్నప్పుడు బాధ్యత కూడా పైకే పెరగాలి. 1956లో అరియలూరు రైలు ప్రమాదం తర్వాత లాల్ బహదూర్ శాస్త్రి రైల్వే మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ పట్టాలు ఆయన బిగించినవి కావు.

శాఖల మధ్య గొడవలు ఎందుకు వస్తాయి?

ఒక్కో శాఖ దాని సొంత నిచ్చెన. పై మెట్టు ఎక్కాలంటే మన శాఖ మనల్ని మెచ్చుకోవాలి. పక్క శాఖకు సాయం చేస్తే మన రిపోర్టులో మార్కు పడదు. రైల్వేలో దీన్ని డిపార్ట్‌మెంటలిజం అంటారు, ఎన్నో కమిటీలు దీని మీద రాశాయి. 2019 డిసెంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఎనిమిది గ్రూప్-ఎ (పై స్థాయి అధికారుల) సర్వీసులను కలిపి ఇండియన్ రైల్వే మేనేజ్‌మెంట్ సర్వీస్ అని ఒకటి చేయాలని నిర్ణయించింది. బోర్డునూ కుదించి, ఛైర్మన్‌ను సీఈఓగా, కింద నలుగురు సభ్యులను శాఖల వారీగా కాకుండా పనుల వారీగా పెట్టారు. కానీ సివిల్ సర్వీసెస్ పరీక్షతో వంతెనలు, సిగ్నళ్ళు తెలిసిన ఇంజినీర్లు రారన్న ఇబ్బంది ఎదురై, 2024లో ఇంజినీర్లను మళ్ళీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ద్వారా తీసుకోవాలని నిర్ణయించారు. గోడలు కూల్చాలి, నైపుణ్యం మాత్రం పోకూడదు. రెండూ ఒకేసారి సాధించడం కష్టం.

కింది మెట్టులో చేరినవాళ్ళు పైకి రాగలరా?

కొంతవరకు, దారులున్నాయి. డిపార్ట్‌మెంటల్ పరీక్షలు రాసి ట్రాక్ మెయింటైనర్ జూనియర్ ఇంజినీర్ కావచ్చు. సూపర్‌వైజర్లనుంచి గ్రూప్-బి అధికారులను 70 శాతం సీనియారిటీతో కూడిన సెలక్షన్‌తో, 30 శాతం పరిమిత పోటీ పరీక్షతో తీసుకుంటారు. చదువుకునే తీరిక దొరికినవాళ్ళకే ఇది అందుతుందన్నది నిజం. రోజంతా ఎండలో బీట్ నడిచొచ్చిన మనిషి రాత్రి పుస్తకం తెరవడం ఎంత కష్టమో మా ఇంట్లో చూశాను.

మేనేజర్లే లేకుండా సంస్థ నడవదా?

చిన్నగా ఉన్నప్పుడు నడుస్తుంది. గూగుల్ 2002లో ఇంజినీరింగ్ మేనేజర్లను తీసేసి చూసింది. కొన్ని నెలలే సాగింది. ఖర్చుల బిల్లులు, ఇద్దరి మధ్య తగాదాలు అన్నీ నేరుగా గూగుల్ స్థాపకుల్లో ఒకరైన లారీ పేజ్ దగ్గరికే వచ్చిపడ్డాయట. పైకి మేనేజర్లు లేరని చెప్పే చోట కూడా లోపల నిచ్చెన ఉంటుంది. సీనియర్లు, స్థాపకుడి స్నేహితులు, గట్టిగా మాట్లాడేవాళ్ళు పైకి చేరతారు. కనబడే నిచ్చెన మీద అప్పీలు చేసుకోవచ్చు, కనబడని దాని మీద ఎవరికి చెప్పుకుంటాం?

నా పై అధికారిని దాటి ఇంకా పైకి వెళ్ళొచ్చా?

మామూలు పనుల్లో వద్దు. సెలవు, ట్రాన్స్‌ఫర్, జీతం బకాయి లాంటివాటికి ‘త్రూ ప్రాపర్ ఛానల్’ అని రాసి ఇవ్వండి. తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పినదానికి ఆఫీసులో ఆయుష్షు ఉండదు. గడువు పెట్టుకుని, జవాబు రాకపోతే మొదటి కాగితం కాపీ జతచేసి మళ్ళీ రాయండి. అప్పుడు పైకి వెళ్ళినా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరు.

ప్రాణానికి ముప్పు, డబ్బు తినేయడం, వేధింపులు, ఈ మూడింటికి వరుస చూసుకోవద్దు. వీటికి విజిలెన్స్, అంతర్గత ఫిర్యాదుల కమిటీ లాంటి దారులు పెట్టిందే మీ పై అధికారిని దాటడానికి. ఆడపిల్లలు ముఖ్యంగా గుర్తుంచుకోండి. 10 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం ఆ కమిటీ ఉండి తీరాలి.

విశాఖలో కొత్త జోన్ వస్తే కీమాన్‌కు ఏం మారుతుంది?

విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వేను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఇన్నాళ్ళూ సికింద్రాబాద్ కింద ఉన్న విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లు అందులోకి వెళ్ళేలా ప్రణాళిక వేశారు. అధికారులకు చాలా మారుతుంది. సీనియారిటీ జాబితాలు, ఆప్షన్లు, పెద్దాఫీసు ఊరు అన్నీ. కీమాన్‌కు మేస్త్రి ఆయనే, బీట్ అదే, తెల్లవారుజామున మోసుకెళ్ళే సుత్తీ జెండాలూ అవే. ఆయన రాసిన కాగితం డివిజన్ దాటి పైకి వెళ్ళాల్సి వస్తే, ఇకమీద రైల్ నిలయానికి కాకుండా విశాఖకు వెళ్తుంది.